ఊడిపోతున్న కనెక్షన్

లోకంలో అందరూ ప్రభుత్వానికి పన్ను కడతారు. ఆయన మాత్రం లోకానికే పన్ను కట్టేవాడు. నమిలే పన్ను, నవ్వే పన్ను, కోపమొస్తే కొరికే పన్ను, ఏది విరిగినా ఊడినా డాక్టర్లు ఆ నోటి కొలత తీసి ఆయనకి పంపేవాళ్ళు. ఆయన అచ్చు గుద్దినట్టు అలాంటి పన్నే చేసి పంపేవాడు. అచ్చు మీదే చేసేవాడు కాబట్టి అది పొగడ్త కాదు, వృత్తి. అందరికీ ఆయన పళ్ళాయన. గుమ్మం పైన ‘ఇచ్చట పళ్ళు తయారుచేయబడును’ అన్న బోర్డు చదివి, సంచీ పట్టుకుని లోపలికొచ్చి కిలో ఎంత అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. “కిలో లెక్కన ఇవ్వమండీ, నోటి లెక్కనే” అనేవాడు.

ఉన్నవి రెండు గదులు. వెనక గది ఆయన భార్యది. డాక్టర్లు పంపిన ముద్రల్లో ఆవిడ పలుచగా ప్లాస్టర్ కలిపి పోస్తే, గట్టిపడ్డాక దవడకి దవడ దిగేది. ఆవిడ పోసిన అచ్చులో బుడగ ఉండదని పేరు. ముందు గది ఆయనది. ఒకప్పుడు ఆ గదిలో ఒక దీపం, ఒక మైనం ముద్ద, చిన్న కత్తులు నాలుగైదు, ఇంతే ఉండేవి. కత్తి కొసని వేడి చేసి, చుక్క మైనం తీసుకుని, అచ్చు మీద పన్ను చెక్కేవాడు. దాన్ని బట్టే అసలు పన్ను పోత పోసేవాడు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడని డాక్టర్లంతా అనేవాళ్ళు.

తిరిగిన చెయ్యి ఒకనాడు ఎదురు తిరిగింది.

మొదట బొటనవేలు. తర్వాత దాన్ని చూసి నేర్చుకున్నట్టు చూపుడువేలు. పెద్ద వణుకేం కాదు, వెంట్రుకవాసి. కానీ పంటి పనిలో వెంట్రుక అంటే దూలం కిందే లెక్క. అంచు వెంట్రుకవాసి తప్పితే క్యాప్ కూర్చోదు, కూర్చున్నా నాలుక ఊరుకోదు. పళ్ళాయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. “కాలం మారుతోంది, మనమూ మారాలి” అని ప్రకటించి, స్కానరూ, కంప్యూటరూ, పన్ను కోసే యంత్రమూ అప్పు చేసి తెచ్చి గదిలో పెట్టుకున్నాడు. అచ్చుని స్కానర్లో పెడితే అది గుండ్రంగా తిరిగి కంప్యూటర్‌కి బొమ్మ పంపుతుంది. ఆ బొమ్మ మీద మౌస్‌తో పన్ను గీస్తే యంత్రం కోసిపెడుతుంది. వణికే చేత్తో గీసిన గీతని కంప్యూటర్ తనంతట తనే సాపు చేసేది, ఎందుకు వణికావని అడిగేది కాదు. ఇలాంటి పెద్దమనిషి ఆయనకి మనుషుల్లో తారసపడలేదు.

“ఎంత ముందుచూపండీ మీది” అన్నారు అందరూ. వణుకు దాచుకోవడానికి కట్టుకున్న గోడని చూసి, వాస్తు బాగుందన్నట్టు. ఆయన పళ్ళు కనబడకుండా నవ్వి ఊరుకున్నాడు.

కాబట్టి స్కానర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్నది వట్టి కనెక్షన్ కాదు. ఆయనకీ ఆయన వృత్తికీ మధ్య మిగిలిన ఒకే ఒక్క తీగ అది.

ఆ తీగని ఆయనే తెంపుకున్నాడు, అదీ మర్యాదకి పోయి.

రోజూ పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే ఒక చిన్న పెట్టె వచ్చి అడిగేది: కొత్త సిస్టమ్ సిద్ధంగా ఉంది, ఇప్పుడు వేసుకుంటారా, తర్వాతా? ఆయన ‘తర్వాత’ నొక్కేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేది. మళ్ళీ తర్వాత. ఎవరైనా అయితే దాన్ని దోమని తోలినట్టు తోలేసేవాళ్ళు. కానీ పళ్ళాయన గుమ్మం దాకా వచ్చినవాణ్ని కూర్చోమనకుండా పంపని వంశంలో పుట్టాడు. అప్పు అడగడానికి వచ్చినవాడికి కూడా మంచినీళ్ళిచ్చాకే లేదని చెప్పే మనిషి. నెలల తరబడి ఇంటికొచ్చిన దాన్ని వాకిట్లోంచే పంపేస్తున్నానే అని ఆయనకి లోపల పీకుతూ ఉండేది. ఒకరోజు పనీ తక్కువగా ఉంది, మనసూ మెత్తగా ఉంది. “సరే, పాపం, ఎన్నిసార్లు తిరుగుతుంది” అని ‘ఇప్పుడు’ నొక్కాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఈయన మందు అడగనేలేదు. మందే తలుపు తట్టి మరీ వచ్చి నాలుక పట్టుకుపోయింది.

కొత్త సిస్టమ్ చూడ్డానికి బాగానే ఉంది. మూలలు గుండ్రంగా తిరిగాయి, రంగులు మెత్తబడ్డాయి. స్కానర్‌తో మాత్రం దానికి మాటల్లేవు. అసలే లేకపోతే అదో దారి. ఉన్నట్టుండి కలిసేది, దీపం వెలిగేది, అచ్చు తిరిగేది, తెర మీద ఒక్కో పన్నూ మొలుచుకుంటూ వచ్చేది. సరిగ్గా చివరి దవడపన్ను దగ్గరికి రాగానే, హంతకుడి పేరు చెప్పబోయి తుమ్మినవాడిలా ఆగిపోయేది. ‘కనెక్షన్ పోయింది’. కాసేపటికి ‘కనెక్ట్ అవుతోంది’. తర్వాత ‘అవుతూనే ఉంది’ అని రాయలేదు గానీ, భావం అదే.

“అప్‌గ్రేడ్ అన్నారు, గ్రేడు పోయింది, అప్పు మిగిలింది” అన్నాడు పళ్ళాయన భార్యతో. ఆవిడ నవ్వలేదు. ఆయన హాస్యానికి నవ్వే పని ఆవిడ ఎప్పుడో మానేసి, ప్లాస్టర్ పని ఒక్కటే ఉంచుకుంది.

“మా తమ్ముణ్ని పిలవనా?”

“వాడెందుకు?”

“వాడికి కంప్యూటర్లు తెలుసుగా.”

“వాడికి కంప్యూటర్లు తెలుసు. కంప్యూటర్లకి వాడు తెలుసో లేదో.”

బావమరిది వచ్చాడు. భుజాన సంచీ, సంచీ నిండా తీగలు. తీగ లాగితే డొంకంతా కదులుతుందని సామెత. ఇతను లాగితే డొంక కదల్లేదు, బల్ల మీది అచ్చు ఒకటి జారి కిందపడి ఎవరిదో కోరపన్ను విరిగింది.

“పర్లేదు బావా, పన్నేగా. నీ దగ్గర పళ్ళకి కరువా?” అని బల్ల కిందకి దూరాడు. అక్కణ్నుంచే వైద్యం మొదలెట్టాడు. “అసలు రోగం డ్రైవర్‌ది.”

వెనక గదిలోంచి అక్క అంది: “బండే కదలడం లేదు, మధ్యలో డ్రైవరేం చేశాడ్రా?”

“ఆ డ్రైవర్ కాదక్కా. రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి మధ్యలో దుబాసీ లాంటిది. పాత దుబాసీకి కొత్త భాష రావట్లేదు.”

“అయితే కొత్త దుబాసీని పెట్టు” అన్నాడు పళ్ళాయన.

“కొత్తవాడు ఇంకా పుట్టలేదు బావా. ఈలోగా ఈ బ్లూటూత్ ఆపి చూద్దాం, అదేమైనా అడ్డుపడుతోందేమో.”

“బ్లూటూతా? తెల్ల పన్ను చూశాను, పచ్చ పన్ను చూశాను, గార పట్టి నల్లబడ్డ పన్నూ చూశాను. నీలి పన్నుతో నాకేం పనిరా, పీకిపారెయ్.”

పీకిపారేశాడు. దాంతో మౌస్ కూడా చచ్చిపోయింది. దాన్ని బతికించేసరికి మధ్యాహ్నం దాటింది. తీగలు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, స్కానర్ని కిటికీ పక్కకి మార్చాడు, చివరికి తన చొక్కా కూడా మార్చుకోవాల్సి వచ్చింది, అంత చెమట. ఒక్కసారి పూర్తిగా స్కాన్ అయింది కూడా. ముగ్గురూ తెర ముందు నిలబడి ఆ దవడని, పుట్టిన పిల్లని చూసినట్టు చూశారు. “చెప్పానా?” అన్నాడు బావమరిది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో కనెక్షన్ పోయింది. అక్కణ్నుంచి అదే వరస. అతను ఉంటే కాసేపు ఉండేది, వెళ్తే వెళ్ళిపోయేది. అక్కాతమ్ముళ్ళ అనుబంధం విన్నాం గానీ, స్కానర్‌కీ బావమరిదికీ ఉంటుందని ఎవరూ వినలేదు.

“పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళలేమా?” అని అడిగాడు పళ్ళాయన ఒకరోజు, గొంతు తగ్గించి.

బావమరిది తల గోక్కున్నాడు. “వెళ్ళొచ్చు బావా. కానీ కొన్నాళ్ళలోపే వెళ్ళాలిట.”

“ఎన్నాళ్ళు?”

“మనం తీగలు మార్చినన్నాళ్ళు.”

“వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే?”

“పళ్ళు గీసే ప్రోగ్రాం ఈ ఒక్క కంప్యూటర్‌కే కట్టుబడి ఉంది. ఇంకోదానితో కాపురం చెయ్యదు.”

ఏకపత్నీవ్రతానికి ఇలాంటి దుష్ఫలితం ఉంటుందని పళ్ళాయన ఊహించలేదు.

ఇక మిగిలింది సహాయ కేంద్రం. స్కానర్ చేసినవాళ్ళకి ఫోన్ చేస్తే, చాలాసేపు పాట వినిపించి, ఒక మెత్తటి గొంతు వచ్చింది. “ఆపి మళ్ళీ ఆన్ చేశారా సర్?”

“చేశానమ్మా. నన్ను కూడా ఆపి ఆన్ చేసుకున్నాను.”

“మీ ఓపికకి ధన్యవాదాలు సర్. లోపం స్కానర్‌లో లేదు, మీ కంప్యూటర్ సిస్టమ్‌లో ఉంది. వాళ్ళని అడగండి.”

వాళ్ళని అడిగాడు. పాట మారింది, గొంతు మారింది, ఓపికకి ధన్యవాదాలు మాత్రం మారలేదు. లోపం సిస్టమ్‌లో లేదట, స్కానర్‌లో ఉందట. ఇద్దరు వియ్యంకులు పెళ్ళికొడుకు నత్తిని ఒకరి మీదికొకరు తోసుకున్నట్టుంది వ్యవహారం. “సరే, ఎవరిదైతేనేం, ఎప్పటికి బాగవుతుంది?” అని అడిగితే, “పరిశీలనలో ఉంది సర్” అంది గొంతు. పరిశీలనలో ఉన్నది ఏదీ బాగుపడగా ఆయన చూడలేదు.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇదే బాధ పడుతున్నవాళ్ళు ఒకచోట కనిపించారు. ఎవరో రాశాడు: ‘కొత్త సిస్టమ్ వేశాక స్కానర్ ఊడిపోతోంది, ఎవరికైనా తెలుసా?’ కింద ఇంకొకడు: ‘నాకూ అంతే’. ఆ కింద: ‘నాకూ’. ‘మాకూ’. దవడలో పళ్ళలా వరసగా, పేజీ తర్వాత పేజీ, నాకూ నాకూ నాకూ. జవాబు ఉన్న పన్ను ఒక్కటి లేదు. మధ్యలో ఒకాయన ‘దొరికింది, సరిచేసుకున్నాను’ అని రాసి, ఎలాగో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ మహానుభావుడి పళ్ళన్నీ ఊడాలని, ఊడినా తన దగ్గరికి రాకూడదని పళ్ళాయన కోరుకున్నాడు. చివర తనూ రాశాడు: ‘నాకూ’. ఎందుకు రాశాడో ఆయనకే తెలీదు. పరామర్శకి వెళ్ళి ఊరికే కూర్చున్నట్టు.

ఈలోగా డాక్టర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. దూరంగా పెద్ద లాబ్ ఒకటి ఉంది, అక్కడ యంత్రాలు వరసలో నిలబడి పళ్ళు ఉమ్ముతాయి. చివరికి ఒక్క డాక్టరమ్మ మిగిలింది. ఆవిడ తండ్రి కూడా పళ్ళ డాక్టరే. పళ్ళాయన ఆ కుటుంబానికి రెండు తరాలుగా పళ్ళు కట్టాడు, రెండు తరాల నుంచీ వాళ్ళెవరూ వేరే గడప తొక్కలేదు. ఆవిడ పంపిన ముద్రలో పోసిన అచ్చు ఒకటి బల్ల మీద ఉంది. ఎవరో బడి పంతులమ్మది, పై వరసలో ముందు పన్ను లేదు.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. “మాస్టారూ, ఆ పంతులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం చెబుతోందట. పిల్లలు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబులు చెబుతున్నారట. ఎప్పుడిస్తారు?”

“కనెక్షన్ ఇంకా రాలేదమ్మా.”

“కనెక్షన్ ఎందుకండీ మీకు? కత్తి, మైనం లేవా? వెనకటిలా చేత్తో చెక్కేయండి. మీ చెయ్యి ముందు ఆ యంత్రమెంత?”

“చూస్తానమ్మా” అన్నాడు. ఫోన్ పెట్టేసరికి బొటనవేలు ముందుగానే విన్నట్టు వణకడం మొదలెట్టింది.

భార్య వెనక గదిలో ఉంది కదా అని తలుపు దగ్గరగా వేసి దీపం వెలిగించాడు. కత్తి వేడి చేశాడు, మైనం చుక్క తీసుకున్నాడు. అచ్చు మీదికి తీసుకెళ్ళేలోపు ఆ చుక్క పక్క పన్ను మీద పడింది. తుడిచాడు. రెండోది దవడ మీద. తుడిచాడు. కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని ప్రయత్నించాడు. అప్పుడు రెండు చేతులూ వణికాయి. పంటిబిగువున కాసేపు పనిచేసి, చెక్కినదాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. అది పన్ను కాదు. పన్నంటే భయపడి పారిపోతున్న ఏదో జంతువు.

“ఇలా ఇవ్వండి” అంది భార్య. ఎప్పుడొచ్చిందో పక్కనే ఉంది.

“ఏం చేస్తావు?”

“చూస్తాను.”

ఆవిడ కూర్చుని కత్తి పట్టుకుంది. చెయ్యి రాయిలా నిలిచింది. ప్లాస్టర్ చెయ్యి మరి. కానీ మైనం ఆవిడకి లొంగలేదు. దోసెడు దోసెడు పోసిన చేతికి చుక్కల లెక్క ఎక్కడ తెలుస్తుంది? కాసేపటికి పంతులమ్మ నోట్లో ఒక తలుపు గడియ మొలిచింది.

“దీంతో పాఠం చెప్పక్కర్లేదు, బడి తాళం వేసుకోవచ్చు” అన్నాడాయన.

ఆవిడ కత్తి కింద పెట్టింది. ఆయన చెయ్యి గురించి ఒక్క మాట అడగలేదు. ఆయనా చెప్పలేదు. కప్పుల్లో టీ తెచ్చింది. ఆయన కప్పులో సగానికే పోసి ఉంది. ఎంతకాలంగా సగమే పోస్తోందో గుర్తు చేసుకోవాలని చూశాడు, మొదలు దొరకలేదు. ఒలకనంత మట్టుకే పోయడం ఆవిడ ఎప్పుడో నేర్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మే వచ్చింది. కుర్చీ లాక్కుని బల్ల పక్కన కూర్చుని, కోపం లేకుండానే మొదలెట్టింది.

“మాస్టారూ, నేను కాలేజీలో సైకిల్ మీంచి పడితే ఈ ముందు పన్ను ఎవరు చేశారు?”

“నేనే.”

“యంత్రంతోనా?”

“కాదు.”

“ఇన్నేళ్ళలో ఇది కట్టుడు పన్నని ఒక్కడూ కనిపెట్టలేదు. మా ఆయనకి కూడా పెళ్ళికి ముందు చెప్పలేదు, అయ్యాక భయమేముందని చెబితే నమ్మలేదు. ఇవాళ నేను వేరే పని పెట్టుకోలేదు. ఇక్కడే కూర్చుంటాను, పంతులమ్మ పన్ను చెక్కండి. నాన్నగారు మీ పక్కన కూర్చుని చూసేవారట కదా. నేనెప్పుడూ చూడలేదు.”

కత్తులు బల్ల మీదే ఉన్నాయి. దీపమూ ఉంది. పళ్ళాయన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని దాని మీద ఎడమచెయ్యి వేశాడు. ఒక్క మాట చాలు. నా చెయ్యి వణుకుతోందమ్మా. నాలుగు మాటలు, అందులో ఒకటి గౌరవం. నోటిదాకా వచ్చాయి. నోటి పని చేసే మనిషికి నోరు పెగల్లేదు.

“నేను చేతి పని మానేశానమ్మా” అన్నాడు.

“మానేశారా? ఎందుకు?”

“యంత్రం అలవాటయ్యాక మళ్ళీ ఆ మైనం ఎవరు పిసుకుతారు? అది పాతకాలపు పని. నాకిప్పుడు అంత అవసరం లేదు.”

మాట బయటికొచ్చాక ఆయనకే వింతగా వినిపించింది, ఇంకెవరి పళ్ళో పెట్టుకుని మాట్లాడినట్టు.

“నాకోసం ఒక్కటి కూడా చెయ్యరా?”

“ఒకటి చేస్తే ఇంకోటి అడుగుతారు.”

“అవునులెండి” అంది. “మీది పెద్ద చెయ్యి అయిపోయింది, ఇక మాలాంటివాళ్ళకి అందదని వేరే డాక్టర్లు అంటుంటే నేనే కొట్టిపారేశాను.”

లేచింది. పంతులమ్మ అచ్చుని కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, “నాన్నగారు ఉండుంటే బాధపడేవారు” అంది. పెదాలు బిగించుకుని అంది కాబట్టి, ఆయన చేసిన పన్ను ఆయనకి కనబడలేదు.

అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయాక భార్య ముందు గదిలోకి వచ్చింది. మోచేతుల దాకా ప్లాస్టర్.

“చెయ్యి వణుకుతోందని చెబితే ఏం పోయేది? ఆవిడ డాక్టరే కదా.”

“పళ్ళ డాక్టరు. చేతుల డాక్టరు కాదు.”

“మీకిది హాస్యంగా ఉందా?”

“లేదు.”

“పొగరుబోతు అనిపించుకున్నారు.”

“పొగరుబోతంటే పర్లేదు. పాపం అంటే పడలేను.”

“నాకైనా చెప్పాల్సింది” అంది ఆవిడ.

“నీకు తెలుసుగా.”

“తెలుసు. మీరు చెప్పలేదు.”

ఆవిడ వెనక గదిలోకి వెళ్ళింది. ఎవరి కోసమో కలిపిన ప్లాస్టర్ గిన్నెలోనే గట్టిపడిపోయినట్టుంది, దాన్ని గట్టుకేసి కొడుతున్న చప్పుడు వినిపించింది.

కాసేపటికి బావమరిది వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. సంచీలోంచి పొట్టి తీగ ఒకటి తీశాడు. “బావా, దొరికింది. ఇన్నాళ్ళూ మనం పొడుగు తీగ వాడాం, అదీ తప్పు. ఒక్క నిమిషం.” అడగకుండానే బల్ల కిందకి దూరాడు.

పళ్ళాయన వద్దనలేదు. బల్ల మీద పెట్టడానికి అచ్చు లేదని కూడా చెప్పలేదు.

“వచ్చిందా బావా?” అంది కింద నుంచి గొంతు.

“రాలేదు.”

“ఇప్పుడు?”

“రాలేదు.”

“ఆగు, ఇంకో కన్నంలో పెడతాను. ఇప్పుడు చూడు, వచ్చిందా?”

ఆయన తెర వైపు చూడటం లేదు. ఒళ్ళోని చేతిని చూసుకుంటున్నాడు.

“రాలేదురా” అన్నాడు.